అందెశ్రీ పాట – మనకొక పాఠం

ఓరుగల్లు నేలకు పాట కొత్త కాదు. పాలకుర్తి సోమన 13వ శతాబ్దంలోనే పండితులు మెచ్చే వృత్తాలను పక్కనబెట్టి, జనం పాడుకొనే ద్విపదలో బసవపురాణం రాశారు. ఆ ఊరికి దగ్గరలోనే పోతన పేరుతో ముడిపడిన బమ్మెర ఉంది. మన కాలంలో కాళోజీ మన యాసనే కవిత్వం చేశారు. అదే దారిలో, బడిమెట్లు ఎక్కని ఒక మనిషి ఈ జిల్లా పల్లె నుంచి వచ్చి, రాష్ట్రమంతా లేచి నిలబడి పాడే పాట రాశారు. ఆయనే అందెశ్రీ. ఆయన జీవితం, పాట, నిబద్ధత గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. హాస్టల్ పిల్లలమైన మనం వాటి నుంచి ఏ పాఠం తీసుకోవాలో, ఏది తీసుకోకూడదో కూడా ఆలోచిద్దాం.

బాల్యం – బతుకుబడి

అందెశ్రీ అసలు పేరు అందె ఎల్లయ్య. 1961 జూలై 18న పాత వరంగల్ జిల్లా మద్దూరు మండలం రేబర్తి గ్రామంలో జన్మించారు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆ మండలం సిద్దిపేట జిల్లాలో కలిసింది. తల్లిదండ్రుల నీడ లేకుండా పెరిగారు. తోటి పిల్లలు పలక పట్టుకొని బడికి పోయే వయసులో ఆయన జీవాల వెంట తిరిగారు. పెద్దయ్యాక ఇళ్లు కట్టే పనికి పోయారు.

మరి ఆయనకు పాట ఎవరు నేర్పారు? ఊరే నేర్పింది. నాట్లు వేసే తల్లుల పాట, బతుకమ్మ పాట, ఒగ్గు కథ, యక్షగానం, రాత్రిపూట గుడి దగ్గర భజన – ఇవన్నీ మన పల్లెల్లో పుస్తకం లేని పాఠాలు. చెవితో విని, మనసులో నిలుపుకొని, నోటితో తిరిగి చెప్పడమే ఆ చదువు. అందెశ్రీ ఆశువుగా, అంటే అప్పటికప్పుడు, పాట కట్టగలిగేవారు. కాగితం మీద రాసుకోలేనివాడు తలలోనే కట్టుకోవాలి, తలలోనే దిద్దుకోవాలి. కనుక ఆశుకవిత్వం గాలిలోంచి వచ్చేది కాదు. దాని వెనుక ఏళ్ల సాధన ఉంటుంది.

శృంగేరి మఠానికి చెందిన శంకర్ మహరాజ్ అనే స్వామి ఒకరోజు ఈయన పాట విని చేరదీశారని చెబుతారు. ఈ ఒక్క సంగతిని గుర్తు పెట్టుకోండి. చివర మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పాట ఎట్లా నిలబడుతుంది?

జనం పాటకు మూడు బలాలు ఉంటాయి. మొదటిది పల్లవి. అది మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి విన్నవాళ్లు రెండోసారికే వంత పాడతారు. రెండోది ప్రాస. పాదాల చివర ఒకే ధ్వని వస్తే పుస్తకం అవసరం లేకుండానే జ్ఞాపకం ఉంటుంది. మూడోది చరణం. ఒక్కో చరణంలో ఒక్కో బొమ్మ కనిపించాలి. పది సంగతులు ఒకే చరణంలో కుక్కితే ఒక్కటీ మిగలదు.

'మాయమైపోతున్నడమ్మా' అనే పాటను చూడండి. మనిషిలో మనిషితనం తరిగిపోతున్నదన్న బాధ ఆ పాటకు ప్రాణం. ఆర్.నారాయణమూర్తి 'ఎర్ర సముద్రం' సినిమా ద్వారా అది ఇంటింటికీ చేరింది. అందులో ఎవరి మీదా తిట్టు లేదు. వింటున్నవాడు తన లోపలికి తాను చూసుకుంటాడు. 2006లో 'గంగ' సినిమా పాటకు అందెశ్రీకి నంది పురస్కారం వచ్చింది. సినిమాలకు రాసినా ఆయన సినిమా కవిగా స్థిరపడిపోలేదు. నదుల గురించి రాయడానికి దేశవిదేశాల నదీతీరాలు తిరిగారు. బడికి పోని ఆ మనిషికి మన కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఉద్యమం – రాష్ట్రగీతం

తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద, బడుల్లో, సభల్లో 'జయ జయహే తెలంగాణ' మార్మోగింది. అధికార ముద్ర ఏమీ లేకుండానే జనం దాన్ని తమ గీతం చేసుకున్నారు. ఆ పాటలో పోతన, రుద్రమ, రామప్ప కనిపిస్తారు. మన ఓరుగల్లు వాకిలి ముందరి పేర్లే అవి. కొమురం భీమ్, చార్మినార్, సింగరేణి కూడా ఉన్నాయి. గోదావరి, కృష్ణ నీళ్లు మన బీడు భూములకు రావాలన్న కోరిక ఉంది. అన్నిటికన్నా మమ్మల్ని ఆపింది మరొకటి. పల్లెల్లో బడులు వెలగాలని, జనంలో విజ్ఞానం వికసించాలని ఆ పాట పూర్తి పాఠంలో కోరుకున్నారు. బడికి పోలేని మనిషి తన రాష్ట్రానికి కోరుకున్న వరాల్లో బడి ఒకటి!

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పాటకు మాత్రం అధికారిక గుర్తింపు వెంటనే రాలేదు. దాదాపు పదేళ్లు ఆగవలసి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర మంత్రివర్గం దాన్ని రాష్ట్రగీతంగా నిర్ణయించింది. అదే ఏడాది జూన్ 2న ఎం.ఎం.కీరవాణి సంగీతంతో విడుదలైంది. సంగీతం ఎవరు చేయాలన్న దాని మీద వాదోపవాదాలూ నడిచాయి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆయనకు కోటి రూపాయల పురస్కారం ఇచ్చింది. అదే ఏడాది నవంబర్ 10న ఆయన కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఆ పదేళ్లను మనం గమనించాలి. ఉద్యమ గాయకుల్లో కొందరు చట్టసభలకు వెళ్లారు. రసమయి బాలకిషన్ 2014లో శాసనసభకు, గోరటి వెంకన్న 2020లో శాసనమండలికి వెళ్లారు. అదీ ఒక దారే, తప్పు పట్టవలసింది లేదు. అందెశ్రీ ఆ దారిన పోలేదు. గుర్తింపు రాని రోజుల్లోనూ పాట విడువలేదు. పదవి ఉంటేనే మాటకు విలువ అనుకునే కాలంలో, పాట ఒక్కటే ఆస్తిగా నిలబడవచ్చని చూపించారు.

మేము విన్న ఒక ప్రసంగం

ఆయన పోయిన తరువాత ఒక సభకు వెళ్లాం. ఒక వక్త మా వైపు వేలు చూపించి, "అందెశ్రీకి బడి లేదు, హాస్టల్ లేదు, స్కాలర్‌షిప్ లేదు. అయినా ఇంతటివాడు అయిండు. మీకు అన్నీ ఉన్నయ్. మీరేం సాధించిన్రు?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. కాని రాత్రి గదికి వచ్చాక మాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మాకు ఒక మిత్రుడు గుర్తుకు వచ్చాడు. ఎనిమిదో తరగతి నుంచి మాతోనే, పక్క పక్క ట్రంకు పెట్టెలు. పొద్దున నల్లా దగ్గర బకెట్లు వరుసలో ఉంటే వాడు పాట అందుకునేవాడు. మేమంతా వంత. ప్లేటు మీద దరువు వేస్తే మెస్సులో వంట చేసే అమ్మ కూడా గంటె ఆపి వినేది. వాడు సొంతంగా పాటలు కట్టేవాడు. ఒక్కటీ రాసి పెట్టలేదు. మేమూ రాసుకోలేదు. ఇంటర్ రెండో సంవత్సరంలో వాళ్ల నాయనకు కాలు విరిగింది. వాడు హైదరాబాద్‌కు సుతారి పనికి పోయాడు. మళ్లీ రాలేదు. మొన్న ఫోన్ చేసి పాటలేమైనా గుర్తున్నాయా అని అడిగితే, "యాడ గుర్తుంటయ్ రా" అని నవ్వాడు.

మా బాపు కూడా సుతారే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. మాకూ వాడికీ తెలివిలో తేడా లేదు. మా బాపు కాలు విరగలేదు, అంతే.

కనుక ఆ వక్త గారికి మా జవాబు ఇది. 'చదువు లేకపోయినా గొప్పవాడు కావచ్చు' అన్నది అందెశ్రీ జీవితం చెప్పే పాఠం కాదు. ఆయన చదువు వద్దని అనలేదు, ఆయనకు అది అందలేదు. ఆయన పాట ఒకరి చెవిన పడింది కాబట్టి ఎల్లయ్య అందెశ్రీ అయ్యారు. ఎవరి చెవినా పడని ఎల్లయ్యలు ఎంతమంది జీవాల వెంట, ఇటుకల కింద మిగిలిపోయారో ఎవరు లెక్క పెట్టారు? ఒక్కడు గెలిచాడని చెప్పి మిగిలినవాళ్లను నిందించడం న్యాయం కాదు.

మనం చేయవలసినవి

1. చదువు మధ్యలో ఆపకండి. ఇంట్లో కష్టం వస్తే ముందు తోటివాళ్లకు చెప్పండి. వార్డెన్ గారికి, సీనియర్లకు చెప్పండి. మా మిత్రుడు చెప్పలేదు, మేము అడగలేదు. ఆ తప్పు మాది కూడా.

2. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మ, నాయనమ్మ పాడే పాటలు నోట్‌బుక్కులో రాసుకోండి. వాళ్లకు రాని అక్షరం మనకు వచ్చింది. దానితో మొదట చేయవలసిన పని ఇదే.

3. వార్షికోత్సవానికి సినిమా పాటతో పాటు మన సొంత పాట ఒక్కటైనా కట్టండి. మన మెస్సు మీద, మన ఊరి చెరువు మీద, అమ్మ చేతుల మీద కట్టండి. పల్లవి చిన్నగా, చరణానికి ఒక్క బొమ్మ.

4. పక్క మంచం తమ్ముడు పాడుతుంటే వినండి. బాగుంటే బాగుందని చెప్పండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఉద్యోగాల్లో స్థిరపడిన మీరు ఏడాదికి ఒక్కసారైనా హాస్టల్‌కు రండి. పండ్లు, పుస్తకాలు తెస్తే సంతోషమే. వాటితో పాటు ఒక గంట కూర్చొని పిల్లల పాట వినండి.

మా మిత్రుడి పాటల్లో ఒకదాని దరువు మాకు ఇంకా గుర్తుంది, మాటలే పోయాయి. ఈసారి పండుగకు వాడు ఊరికి వస్తున్నాడు. నోట్‌బుక్కు, పెన్ను పట్టుకొని వాడి ఇంటికే వెళ్తాం.