సాంకేతిక విద్యకు పరస్పర సహకారము

రాజపాళయమున పుట్టి పెరిగినవారికి నూలు మిల్లు కొత్త వస్తువు కాదు. ఇంటిలో నెవరో ఒకరు మిల్లులో పనిచేసినవారో, ప్రత్తి వ్యాపారమున నున్నవారో, సత్రపట్టిలో కట్టుగుడ్డ నేయించినవారో ఉండియే యుందురు. అయినను పదవ తరగతి విద్యార్థిని పిలిచి, "ప్రత్తిపీచు పొడవు అంగుళమునకు అటునిటుగా నుండునే, దానినుండి మైళ్ల పొడవున నూలెట్లు వచ్చుచున్నది?" అని యడిగినచో వెంటనే బదులు చెప్పగలవారు కొందరే. మేము అడిగి చూచితిమి గనుక చెప్పుచున్నాము.

సమాధానము కఠినమైనది కాదు. పీచులను చిక్కుదీసి, వరుసగా సర్ది, సన్నముగా లాగి, పురి పెట్టుదురు. పురి పడినప్పుడు పై పీచులు లోపలి పీచులను నొక్కును. ఆ ఒత్తిడివలన వానినడుమ రాపిడి హెచ్చును. రాపిడివలన ఒక పీచు వేరొకదానినుండి జారిపోజాలదు. నూలంతటిలో ఎచ్చటను ముడి లేదు, జిగురు లేదు. పురి చాలనిచో పీచులు జారి నూలు విడిపోవును. పురి మితిమీరినచో మెలికలు పడి, బలము తగ్గి తెగిపోవును. ఎంత పురి తగునో ప్రత్తి రకమును బట్టి కొలిచి తెలిసికొనవలసినదే. ఇది భౌతికశాస్త్రమున ఒక మంచి పాఠము. ఇంజనీరింగు విద్యలోను ఇదియే పాఠము. కాని తరగతిలో రాపిడిని గూర్చి చెప్పునపుడు వాలుబల్లమీద చెక్కదిమ్మెను జార్చి చూపుదురు. అదియు బొమ్మలోనే. మిల్లు కూతవేటు దూరమున నున్నను దాని ప్రసక్తి రాదు.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఈ దూరమును గూర్చియే.

మన ప్రాంతమున విద్యకు సాధనములు లేవని యనుటకు వీలులేదు. 1936లో రాజపాళయం మిల్లును స్థాపించిన శ్రీ పి. ఎ. సి. రామసామి రాజాగారి పేర 1963 నుండి పాలిటెక్నిక్ నడచుచున్నది. 2013లో రామ్‌కో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వెలసినది. శ్రీవిల్లిపుత్తూరునకు చేరువనున్న కృష్ణన్‌కోవిలులో 1984లో ఆరంభమైన కలశలింగం ఇంజనీరింగు కళాశాల నేడు విశ్వవిద్యాలయ స్థాయి నందినది. ఇన్ని యుండియు, చోళపురమువంటి పల్లెలలోని పిల్లలకు వీనివలన కలుగు మేలు మిగుల స్వల్పము. కళాశాల గడప వారు త్రొక్కునది పదునెనిమిదవ యేట, అదియు ప్రవేశము దొరకినచో.

మేమొక పాఠశాలలో సూక్ష్మదర్శిని బీరువాలో తాళము వేసియుండుట చూచితిమి. అద్దము పగిలినచో ఎవరు సొమ్ము కట్టవలెనని ఉపాధ్యాయుని భయము. ఆయనను తప్పు పట్టజాలము. అది ఆయన జీతమునకు సంబంధించిన మాట. అయితే పగిలిన అద్దమును మార్చి సరిచేయగల పనివాడు ఏ కళాశాల ప్రయోగశాలలోనో ఉండక పోడు. ఈయన కాయన తెలియడు, ఆయన కీయన తెలియడు. ఆ సంవత్సరమున నూరుమంది పిల్లలు ఉల్లిపొర కణములను పుస్తకములోనే చూచి పరీక్ష వ్రాసిరి.

పోటీపడు వ్యాపారులే ఈ విషయమున మనకంటె ముందున్నారు. ఒక మిల్లు తనకు తానుగా పరిశోధనశాల పెట్టుకొనజాలదు, ఖర్చు భరింపరానిది. అందుచే అహమ్మదాబాదు మిల్లులవారు చేరి, శ్రీ విక్రమ్ సారాభాయి పూనికతో 1947లో ఉమ్మడి పరిశోధన సంఘము నొకటి నెలకొల్పుకొనిరి. దక్షిణాది మిల్లులకు అట్టి సంఘము 1956లో కోయంబత్తూరున ఏర్పడినది. దానినే సిట్రా యందురు. బజారులో ఒకరినొకరు మించవలెనని చూచువారే, యంత్రముల పనితీరును సరిపోల్చుకొనుటకు తమ లెక్కలను ఒకచోట చేర్చిరి. బడులకు అంతటి పోటీ యేమున్నది? ఉత్తీర్ణుల శాతమును వీధిమొగమున పెద్ద పలకలపై వ్రాయించుకొనుట తప్ప!

సారాభాయిగారు మిల్లులతో ఆగలేదు. పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధన బాగుపడవలెనని 1963లో శాస్త్రవేత్తలను, ఉపాధ్యాయులను ఒక బృందముగా చేర్చిరి. 1966లో అది అహమ్మదాబాదున ప్రజా విజ్ఞాన కేంద్రముగా రూపొందినది. మిల్లుల ఉమ్మడి ప్రయోగశాలను కట్టిన చేయియే బడిపిల్లల ఉమ్మడి ప్రయోగశాలను కట్టినదని మిల్లుల ఊరివారమైన మనము ప్రత్యేకముగా గమనింపవలెను.

ఇంతకంటె పెద్ద యత్నము మధ్యప్రదేశమున జరిగినది. 1972లో హోషంగాబాదు జిల్లాలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ సమ్మతితో, పదునారు మాధ్యమిక పాఠశాలలలో ప్రయోగములద్వారా విజ్ఞానశాస్త్రమును నేర్పించుటకు పూనుకొనెను. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు, బొంబాయి టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సెలవులలో ఆ పల్లెలకు పోయి ఉపాధ్యాయులతో కూర్చుండిరి. 1978లో ఆ పద్ధతి జిల్లాలోని మాధ్యమిక పాఠశాలల కన్నింటికి వ్యాపించెను. అందు మేము మెచ్చుకొనునది పరికరముల పెట్టెలను కాదు, ఉపాధ్యాయులు నెలకొకసారి ఒకచోట చేరి, "నా తరగతిలో ఈ ప్రయోగము చెడిపోయినది, ఎందుచేత?" అని ఒకరినొకరు అడుగుకొనుటను. పిల్లలు తమ సందేహములను సవాలీరామ్ అను కల్పిత వ్యక్తి పేర జాబులు వ్రాసెడివారు. వానికి ప్రత్యుత్తరములు వచ్చుచుండెను. పరీక్షలో పుస్తకము చూచి వ్రాయవచ్చును. ప్రయోగము మాత్రము చేతితో చేసి చూపవలెను. ఇట్లు ముప్పది సంవత్సరములు నడచిన పిమ్మట, 2002లో ప్రభుత్వ నిర్ణయముచే ఆ కార్యక్రమము పాఠశాలలలో నిలిచిపోయినది. దానినుండి 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ మాత్రము పని విడువలేదు. పై యాజ్ఞలమీదనే నిలిచిన బంధము ఒక్క సంతకముతో తెగిపోవునని మాకు తోచుచున్నది. ఉపాధ్యాయునికి ఉపాధ్యాయునికి నడుమ నేర్పడిన పరిచయము నెవరు రద్దు చేయగలరు?

తెలుగునాట కుప్పము చేరువన నొక నిదర్శనము కలదు. తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చు చోటది. 1999లో స్థాపితమైన అగస్త్య సంస్థ అచ్చట విజ్ఞాన ప్రాంగణము నేర్పరచి, ప్రయోగ సామగ్రిని బండ్లలోను, మోటారు సైకిళ్లమీదను పల్లె బడులకు పంపుచున్నది. పిల్లలచేతనే పిల్లలకు పాఠము చెప్పించుట వారి పద్ధతులలో నొకటి. బీరువా తాళమునకు మందు ఇదియే కదా యని మేము అనుకొంటిమి: సామగ్రి ఏ బడిదియు కాక అందరిదియు నైనచో, పగులుట యొక నేరము కాదు, ఒక ఖర్చు.

ఇంజనీరింగు కళాశాలల విషయమునను ఈ భావము పుట్టక పోలేదు. ఐ. ఐ. టి.లును బెంగుళూరు విజ్ఞాన సంస్థయు కలిసి 2003 నుండి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేర పాఠములను అందరికి ఉచితముగా అందించుచున్నవి. అమెరికాలో లోవెల్ నగరమున ఆచార్యులుగా నుండిన శ్రీ కృష్ణ వేదులగారి చొరవతో 2007లో ఆరంభమైన ఐ.యు.సి.ఇ.ఇ. సంస్థ, ఇంజనీరింగు అధ్యాపకులకు బోధన మెలకువలను నేర్పించుచున్నది. మంచి పనులే. కాని తెరమీద పాఠమెంత చక్కనిదైనను, అర్థము కానిచోట ఆపి అడుగుటకు ప్రక్కన నొక మనిషి కావలెను.

ఇక మనకే ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మన పిల్లవాడు ఇంట తెలుగు పలుకును. బడిలో తమిళము చదువును. కళాశాలలో ఆంగ్లము వినును. తెలుగున రాపిడి యన్నది తమిళమున ఉరాయ్వు అగును, పిమ్మట ఫ్రిక్షన్ అగును. పురి యన్నది మురుక్కు అగును, తరువాత ట్విస్ట్ అగును. తినుబండారమునకు ఆ పేరు మెలికవలననే వచ్చినదని చెప్పినంతనే పిల్లలు నవ్వి గ్రహింతురు. మాట మారినపుడెల్ల వస్తువే మారినదని భ్రమపడి, తెలిసిన దానినే మూడుసార్లు కంఠస్థము చేయుట మేము చూచుచున్నాము. మూడు మాటలను ఒకే వస్తువుప్రక్కన నిలిపి చూపినచో ఈ భారమే బలమగును. మిల్లు మేస్త్రీకి ఈ మూడును తెలియును. ఆయన నెవరును బడికి పిలువరు.

కావున మా సంఘమువారిని మేము కోరునది పెద్దదేమియు కాదు. భవనము వద్దు, ప్రారంభోత్సవము వద్దు. నెలకొక శనివారము రాజపాళయములోను చుట్టుపట్ల పల్లెలలోను గల పాఠశాలల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు, పాలిటెక్నిక్ అధ్యాపకులు ఇద్దరు, ఇంజనీరింగు విద్యార్థులు కొందరు, మిల్లునుండి ఒక అనుభవశాలి, రెండు గంటలసేపు ఒక బల్లచుట్టు కూర్చుండవలెను. ఏ బడిలో ఏ పరికరమున్నదో ఒక పుస్తకమున వ్రాసి, అడిగినవారికి ఎరువు ఇయ్యవలెను. పగిలినదాని ఖర్చు సంఘమునిధినుండి పెట్టవలెను. పిల్లల ప్రశ్నలకొక పెట్టె. మూడు భాషల మాటలకొక పట్టిక. సమావేశము ప్రతిసారి ఒకేచోట గాక, ఒక నెల చోళపురమున, వేరొక నెల పట్టణమున జరుగుట మేలు. దూరపు ఉపాధ్యాయుడే ఎల్లప్పుడును బస్సెక్కవలెననుట న్యాయము కాదు. ఉపసంఘములు మాత్రము వలదు. పురి మితిమీరినచో ఏమగునో పైన చెప్పియున్నాము.

మొదటి నెలకు విషయము రాపిడి. కావలసిన సామగ్రి గుప్పెడు దూది, ఒక కదురు, కట్టి తూచుటకు చిన్న చిన్న బరువులు. ఎన్ని పురులకు ఎంత బరువు మోయునో పిల్లలే పట్టిక వేయుదురు. మేస్త్రీగారిని పిలుచు భారము మేము వహింతుము.