పసినోటి పలుకు - అల్లాహ్ అనుగ్రహం

ఏడాది నిండిన పసివాడు తొలిసారి "అమ్మీ" అన్నా, "అబ్బా" అన్నా మన ఇళ్ళలో పండుగే. రెండో ఏడు నిండేసరికి "పాలు కావాలి", "అబ్బా పోయాడు" అంటూ రెండేసి మాటలు కలుపుతాడు. మూడో ఏట ప్రశ్నలతో ఊపిరి సలపనివ్వడు. ఈలోగా ఊహ కూడా వికసిస్తుంది. దిండు గుర్రమవుతుంది. బొమ్మకు జ్వరం వస్తుంది. ఖాళీ గిన్నెలో వండిన బిర్యానీని మనం తిని "బాగుంది" అనాల్సిందే!

ఈ ముచ్చట చూసి మురిసిపోని తల్లిదండ్రులు ఉండరు. దాని వెనుక ఉన్న దైవానుగ్రహాన్ని కూడా గుర్తిస్తే ఆ ఆనందం కృతజ్ఞతగా మారుతుంది.

మాట నేర్పినవాడు

అల్లాహ్ మానవుణ్ణి సృష్టించి, అతనికి మాట్లాడటం నేర్పాడని దివ్యఖుర్ఆన్‌లోని రహ్మాన్ సూరా ప్రారంభంలోనే ఉంది. ఆదిమానవుడైన ఆదమ్ (అలైహి)కు అల్లాహ్ వస్తువుల పేర్లు నేర్పిన వైనం బఖరా సూరాలో ఉంది. భాషల వైవిధ్యం దైవ సూచనల్లో ఒకటని రూమ్ సూరా తెలుపుతోంది.

ఈ సూచనను మనం ఇంట్లోనే చూడవచ్చు. పసివాడు "పండ్లు" అనడానికి బదులు "పండులు" అంటాడు. ఆ మాట వాడికి ఎవరూ చెప్పలేదు. పెద్దల మాటలు విని, వాటిలోని సూత్రాన్ని పట్టుకుని, తానే తయారు చేసుకున్నాడు. వ్యాకరణం పేరు కూడా తెలియని ఆ బుర్రలో ఈ శక్తిని పెట్టినవాడెవరు?

దైవప్రవక్త (సఅసం) ఆచరణ

హజ్రత్ అనస్ (రజి)కు అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు ఉండేవాడు. అతను ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. అది చనిపోయి బాలుడు దిగులుగా ఉంటే దైవప్రవక్త (సఅసం) అతన్ని పెద్దవాణ్ణి పిలిచినట్లు 'అబూ ఉమైర్' అని పిలిచి, పిట్ట సంగతి అడిగారు. పిట్టకు అరబీలో 'నుగైర్' అని పేరు. ఉమైర్, నుగైర్ - ప్రాస కుదిరిన ఆ పలకరింపు పసివాడి చెవికి ఎంత ఇంపుగా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఉమ్మె ఖాలిద్ (రజి) అబిసీనియాలో పుట్టిన బాలిక. ఆమె మదీనా వచ్చాక దైవప్రవక్త (సఅసం) ఆమెకు పూలగీతలున్న వస్త్రం తొడిగి, అది బాగుందని అబిసీనియా భాషలోనే అన్నారు. పాపకు తెలిసిన మాటతో పాపను పలకరించారు. పెద్దయ్యాక ఈ సంగతిని ఉల్లేఖించింది స్వయంగా ఆమే. ప్రేమతో అన్న ఒక్క మాట పసి హృదయంలో జీవితాంతం నిలిచిపోతుందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఊహ అబద్ధమా?

"మేడ మీద ఏనుగు ఉంది" అని పిల్లవాడంటే కొందరు "అబద్ధాలాడతావా?" అని గద్దిస్తారు. హజ్రత్ ఆయిషా (రజి) చిన్నతనంలో ఆడుకునే బొమ్మల్లో గుడ్డపేలికల రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (సఅసం) అడిగితే, సులైమాన్ (అలైహి) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అన్నారామె. ఆయన మనసారా నవ్వారు. మందలించలేదు. అబూ దావూద్‌లో ఉందీ ఉల్లేఖనం.

అదే గ్రంథంలో మరో సంఘటన ఉంది. ఒక తల్లి ఏదో ఇస్తానంటూ బిడ్డను పిలిచింది. ఏమిస్తావని దైవప్రవక్త (సఅసం) అడిగారు. ఖర్జూరం అని చెప్పిందామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా నమోదయ్యేదని ఆయన హెచ్చరించారు. పిల్లవాడి ఏనుగు ఆట. "ఊరుకో, చాక్లెట్ తెస్తా" అని మనం తేకపోవడం అబద్ధం. వాడు నిజం విలువను నేర్చుకునేది మన నోటి నుంచే.

మనం చేయవలసినవి

1. పసివాడు చెబుతుంటే పని ఆపి, ముఖం చూసి వినాలి. తప్పు పలికితే నవ్వి గేలి చేయకుండా, సరైన మాటను మనం మళ్ళీ పలికితే చాలు.

2. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వినే పిల్లలు రెండూ కలిపి మాట్లాడతారు. అందుకు బెంగపడనక్కర్లేదు. రెండూ అల్లాహ్ ఇచ్చిన భాషలే.

3. ఏడుపు ఆపడానికి సెల్‌ఫోన్ చేతికివ్వడం మానాలి. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఫోను మాట్లాడుతుందే గాని పిల్లవాడు చెప్పేది వినదు.

4. "బిస్మిల్లాహ్", "అల్‌హమ్దులిల్లాహ్", "సలామ్" వంటి మాటలు ఒత్తిడి లేకుండా, రోజువారీ పనుల్లో వినిపించాలి.

5. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపకపోతే, పిలిస్తే పలకకపోతే "వాడే నేర్చుకుంటాడులే" అనుకోకుండా వైద్యుడికి చూపించాలి. వినికిడి పరీక్ష చేయించాలి.

ఈ పసి పలుకులు కొన్నాళ్ళే. రేపు వాడు పెద్దవాడై మనసులో మాట మనతో చెప్పుకోవాలంటే, ఈరోజు వాడి పిట్ట కబుర్లు మనం వినాలి. మన సంతానాన్ని మన కంటి చలువగా చేయమనీ, వారి నాలుకలను సత్యం పలికేవిగా తీర్చిదిద్దమనీ అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.