వంటగట్టు పలకల యతుకునకు రౌటరు నెన్నుకొనుట



మన యిండ్లలో వంటగట్టు సాధారణముగా రాతిపలకతో నమర్పబడును. బ్రిటను దేశమునందలి పెక్కు గృహములలోనో, కఱ్ఱపొట్టును జిగురుతో నదిమి చేసిన చిప్పుబోర్డుపై ల్యామినేటు నంటించిన పలకలను వాడుదురు. ఇవి సాధారణముగా 600 మి.మీ. వెడల్పును, 38 మి.మీ. మందమును గలవి. గోడమూల యొద్ద రెండు పలకలు కలియుచోట నతుకు బిగువుగా లేనిచో నీరు లోనికి దిగి చిప్పుబోర్డు ఉబ్బును. ఉబ్బిన పలక మరల యథాస్థితికి రాదు. కావున నీ యతుకును గోయు సాధనముల నెట్లెన్నుకొనవలెనో తెలిసికొందము.

పలక ముందంచు గుండ్రముగా నుండును. అందుచే ముందంచు నొద్ద 45 డిగ్రీల వాలుగను, తక్కిన భాగమును సూటిగను గోయుదురు. ఈ యతుకునకు మేసన్స్ మైటరని పేరు.

రౌటరనగా విద్యుత్తుచే వడిగా దిరుగు కోతబిట్టు గల చేతియంత్రము. బిట్టు కాడను బిగించి పట్టు భాగము కాలెట్టు. చిన్న రౌటరులకు 1/4 అంగుళపు కాలెట్టును, పెద్దవానికి 1/2 అంగుళపు కాలెట్టును ఉండును. ఈ పనికి పెద్దదే తగినది. ఏలయన, గుండ్రని కాడ వ్యాసము రెండింతలైనచో, వంగక నిలుచు గుణము పదునాఱింత లగును. మోటారు శక్తి 1,800 వాట్లకు తక్కువ కాకుండుట మేలు. బిట్టును కొంచెము కొంచెముగా దింపు వీలుండవలెను. పలక మందము 38 మి.మీ., దానిపై నుంచు జిగ్గు మందము సుమారు 12 మి.మీ., వెరసి 50 మి.మీ. కావున బిట్టు అంతకుమించి దిగవలెను.

ఇక నుపకరణములు. జిగ్గనునది కోతదారి చూపు గట్టిపలక. దాని గాడిలో నానుకొని నడచుటకు రౌటరు అడుగున 30 మి.మీ. వ్యాసముగల గైడు బుష్షును బిగింపవలెను. బిట్టు 12.7 మి.మీ. వ్యాసమును, 50 మి.మీ. కోతనిడివియు గలదై, టంగ్‌స్టన్ కార్బైడు అంచులతో నుండవలెను. చిప్పుబోర్డులోని జిగురు సామాన్యమైన ఉక్కు నంచును త్వరగా మొద్దుబార్చును. ఇందొక చిన్న లెక్క కలదు. 30 నుండి 12.7 తీసివేసి, శేషమును సగము చేయగా 8.65 వచ్చును. జిగ్గు అంచునకును కోతకును గల దూర మిదియే. జిగ్గు నీ కొలతకే చేయుదురు గావున, వేఱు బిట్టుగాని బుష్షుగాని వాడినచో మూలలో పలకలు సరిగా నొదుగవు.

జిగ్గును క్లాంపులతో గదలకుండ బిగించి, ఒక్కొక్క పర్యాయము 8 మి.మీ. చొప్పున నైదు పర్యాయములలో గోయవలెను. ఒక్కమాటున లోతుగా దింపినచో బిట్టు వేడెక్కును, విరుగవచ్చును. బిట్టు ఎల్లప్పుడును గుండ్రని ముందంచు వైపు నుండియే ప్రవేశింపవలెను. లేనిచో వెలువడుచోట ల్యామినేటు పెచ్చులూడి, దాచరాని మచ్చ యగును. తరువాత నతుకునకు సీలెంటు పూసి, అడుగువైపున మూడు బోల్టులతో బిగింతురు.

కంటికి అద్దములు, చెవికి మూతలు, ముక్కునకు ముసుగు లేక యీ పనికి దిగరాదు. బిట్టును మార్చునపుడు విద్యుత్తు ప్లగ్గును తప్పక ఊడదీయవలెను.

పలక వెల యెక్కువ; తప్పుకోత దిద్దరానిది. కావున నేర్పరియైన వడ్రంగియు ముందుగా నొక వ్యర్థపుముక్కపై గోసి, అతుకు సరిచూచుకొనిన పిదపనే అసలు పలకపై చేయి వేయును. మీరును ఏ పనియందైనను నీ క్రమమునే యవలంబింపుడు.