బిట్‌కాయిన్ రుసుము: ‘సిఫార్సు’ అంకెను చదివే తీరు

పలాసలో లారీ ఎక్కే జీడిపప్పు డబ్బాకు, విజయనగరంలో ఎక్కే గోగునార బేలుకు ధరలో పోలిక లేదు. అయినా లారీ కిరాయి ముఖ్యంగా బరువును, దూరాన్ని బట్టే కడతారు. సరుకు పోగుపడి లారీలు చాలని రోజున కిరాయి హెచ్చుతుంది. బిట్‌కాయిన్ పంపినప్పుడు పడే రుసుము కూడా ఈ తరహాదే. పంపే సొమ్ము ఎంతన్నది కాదు, ఆ చెల్లింపు పత్రం ఎంత చోటు ఆక్రమిస్తుందన్నదే లెక్క.

ఫోనులోని వాలెట్ ‘సిఫార్సు చేసిన రుసుము’ అని ఒక అంకె చూపుతుంది. దానిని తపాలా రేటు వలె ఖరారైన ధర అనుకోవడం పొరపాటు. అది సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా మాత్రమే.

వేలం జరిగే తీరు

చెల్లింపులు సగటున 10 నిమిషాలకు ఒక బ్లాకు చొప్పున నమోదవుతాయి. బ్లాకులో చోటు పరిమితం. మిగిలినవి ‘మెంపూల్’ అనే వరుసలో వేచి ఉంటాయి. బ్లాకు కూర్చే మైనర్లు హెచ్చు రేటు ఇచ్చినవాటిని ముందు ఎక్కిస్తారు. రేటును బైటుకు ఇన్ని సతోషీలని చెబుతారు. ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల సతోషీలు.

ఒకేసారి వచ్చిన సొమ్ములోంచి పంపే మామూలు చెల్లింపు నేటి పద్ధతిలో సుమారు 140 బైట్లు. బైటుకు 10 సతోషీల చొప్పున 1,400 సతోషీలు. అదే సొమ్ము ఐదు విడతలుగా చిన్న మొత్తాల్లో చేరి ఉంటే, వాటిని కలిపి పంపడానికి సుమారు 410 బైట్లు, అనగా 4,100 సతోషీలు అవుతుంది. చిల్లర పోగు చేసినవారికే భారం హెచ్చు.

అంచనా ఎలా?

తొలి రోజుల్లో వాలెట్లు స్థిరమైన రుసుమునే వాడేవి. 2015లో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ 0.10 నుంచి గత బ్లాకులను చూసి అంచనా వేసే పద్ధతి వచ్చింది. ఏ రేటు ఇచ్చినవి ఎన్ని బ్లాకులలో నమోదయ్యాయో ఈ పద్ధతి గమనిస్తుంది. నిన్నటి ధర చూసి నేడు బేరమాడినట్టే, రద్దీ తగ్గినా కొంతసేపు హెచ్చు రేటునే చెబుతుంది. హఠాత్తుగా రద్దీ పెరిగితే తక్కువ చెబుతుంది. కొన్ని వాలెట్లు ప్రస్తుత వరుసను చూస్తాయి. ముందుండాలని ప్రతి వాలెటూ కాస్త హెచ్చు చెబితే సిఫార్సే ధరను పెంచుతుంది.

నష్టం ఎంత?

2017 డిసెంబరు రద్దీలో సగటు రుసుము 50 డాలర్లు దాటింది. 2024 ఏప్రిల్ 20న 100 డాలర్లు మించింది. అటువంటి రోజున 2,000 రూపాయలు పంపదలచినవారికి సరుకు కంటే కిరాయే ఎక్కువ. 2023 సెప్టెంబరులో అమెరికా కంపెనీ పాక్సోస్ సుమారు 2,000 డాలర్ల బదిలీకి దాదాపు 20 బిట్‌కాయిన్ల రుసుము కట్టింది. అప్పటి విలువలో అది సుమారు 5 లక్షల డాలర్లు. సాఫ్ట్‌వేర్ లోపమే కారణమని తెలిపింది. ఆ బ్లాకు కూర్చిన ఎఫ్2పూల్ సొమ్ము వాపసు చేసింది. సామాన్యునికి ఆ భరోసా లేదు.

గమనించవలసినవి

తొందర లేకపోతే ‘నిదానం’ రేటు ఎంచుకోవచ్చు. వరుస పలచబడే వరకు ఆగవచ్చు. తక్కువ కట్టి చిక్కుబడితే, అదే చెల్లింపును హెచ్చు రేటుతో మళ్లీ పంపే వీలు చాలా వాలెట్లలో కలదు. కాబట్టి మొదటే అతిగా కట్టనక్కరలేదు. రద్దీ లేని రోజున చిల్లర మొత్తాలను ఒకటిగా కలుపుకొంటే తరువాత ఖర్చు తగ్గుతుంది. ఎక్స్ఛేంజి ద్వారా పంపితే ఆ కంపెనీ విధించే చార్జీయే వర్తిస్తుంది, అక్కడ బేరం లేదు.

మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన 30 శాతం పన్ను లెక్కలో కొన్న ధర తప్ప ఇతర ఖర్చుకు మినహాయింపు లేదు. అందుచేత అదనంగా కట్టిన రుసుము పూర్తిగా నష్టమే. ‘పంపు’ నొక్కే ముందు రుసుమును రూపాయల్లోకి మార్చి, పంపే మొత్తంతో పోల్చి చూసుకోవడం మంచిది.