బృహన్నల వేషం, రేవతి వేషం

సాహిత్యంలో జెండర్‌ను చదవడమంటే ఏమిటని మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు ఇంటర్ తమ్ముడొకడు అడిగాడు. నిర్వచనం చెప్పడం కంటే రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూపడం తేలిక.

మొదటిది తిక్కన విరాటపర్వం. ‘నర్తనశాల’ (1963) సినిమా చూసినవారికి కథ తెలిసిందే. ఊర్వశి శాపాన్ని అజ్ఞాతవాసానికి వాడుకొని అర్జునుడు బృహన్నలగా విరాటుని కొలువులో చేరతాడు. ఉత్తరకు నాట్యం నేర్పుతాడు, ఉత్తరకుమారునికి సారథిగా వెళ్తాడు. మనం ఎదురుచూసేది మాత్రం జమ్మిచెట్టు మీది గాండీవం కోసమే. ఆ రూపం వెనుక వీరుడున్నాడని ముందే తెలుసు కనుక నిశ్చింతగా నవ్వుతాం. ఏడాది గడవగానే ఆ రూపం పోతుంది.

రెండవది ‘ఒక హిజ్రా ఆత్మకథ’. తమిళనాడులోని నామక్కల్ ప్రాంతపు పల్లెలో అబ్బాయిగా పెరిగిన ఎ. రేవతి తన జీవితాన్ని తానే చెప్పిన పుస్తకం. 2010లో ఇంగ్లీషులో వచ్చింది. పి. సత్యవతి గారి తెలుగు అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద బహుమతి లభించింది. అందులో ఊరి పండుగ ఘట్టం ఒకటుంది. చిన్నప్పుడు రేవతి ఆడవేషం కట్టి ఆడితే, వేషం బాగా కుదిరిందని జనం అనుకున్నారు. రేవతికి మాత్రం అది విప్పి మగబట్టలు తొడుక్కున్నప్పుడే మారువేషం వేసుకున్నట్టు అనిపించింది.

ఇక్కడ ఆగి మళ్లీ చదవండి. ‘వేషం’ అనే మాట తలకిందులైంది. బృహన్నలను మనం బయటినుంచి చూస్తాం. ఇక్కడ లోపలి మనిషే మాట్లాడుతోంది. అన్నల చేతి దెబ్బలు, ఇల్లు విడిచి ఢిల్లీకి పారిపోవడం, ఇవన్నీ ఆ మాట దగ్గరనుంచే అర్థమవుతాయి.

పరీక్షల్లో చాలామంది తికమకపడే సంగతి ఒకటి. తాను ఎవరినని మనిషి అనుకుంటే అది జెండర్ అస్తిత్వం. ఎవరిపట్ల ఆకర్షణ కలుగుతుందన్నది లైంగికత. రెండూ ఒకటి కావు. మొదటిదాన్ని ఎవరికి వారే నిర్ణయించుకునే హక్కును సుప్రీంకోర్టు 2014లో నల్సా తీర్పులో గుర్తించింది.

మా బ్యాచ్‌లో వార్షికోత్సవ నాటికలో ఆడవేషం వేసినవాడికి ఏడాదంతా ‘బృహన్నల’ అని పేరు అంటగట్టాం. నేనూ పిలిచాను. సెలవుల తర్వాత వాడు తిరిగి రాలేదు. కారణం అదేనా అని నేను కనుక్కోలేదు. ఎం.ఏ.లో రేవతి పుస్తకం చదువుతుంటే ఆ పండుగ పేజీ దగ్గర వాడు గుర్తొచ్చాడు. ఆ రాత్రి ఇంక ముందుకు చదవలేకపోయాను.

పుస్తకం ఒక ప్రతి వార్డెన్ గారి బీరువాలో పెట్టించాను. వచ్చే ఏటి నాటిక రిహార్సల్స్ మొదలయ్యేలోపు ఎవరైనా అడిగి తీసుకోండి తమ్ముళ్లూ.