నిద్రపోతున్న పీసీని ఊరు నుంచే లేపడం ఎలా? వేక్ ఆన్ ల్యాన్ సెటప్

నేను ఉద్యోగం చేసేది హైదరాబాద్‌లో. బీటెక్‌లో అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్ మాత్రం ఊళ్లో మేడ మీద గదిలోనే ఉంది. పాత ప్రాజెక్టులు, ఫోటోల బ్యాకప్ అన్నీ దాంట్లోనే. ఏ ఫైల్ కావాలన్నా నాన్నకి ఫోన్ చేసి, "నాన్నా, ఒక్కసారి పైకెళ్లి పవర్ బటన్ నొక్కవా" అని అడగాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఎక్కి, నొక్కి, ఆయాసపడుతూ "నొక్కానురా, ఇంకేం చెయ్యాలి?" అంటుంటే సిగ్గేసేది.

పోనీ 24 గంటలూ ఆన్‌లోనే ఉంచుదామా అంటే, నా పీసీ ఖాళీగా ఉన్నా 60 వాట్లు లాగుతుంది. అంటే నెలకి 43 యూనిట్లు. అందుకే వేక్ ఆన్ ల్యాన్ పెట్టాను.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. పీసీ స్లీప్‌లో ఉన్నా నెట్‌వర్క్ కార్డుకి కొంచెం కరెంట్ అందుతూనే ఉంటుంది. వెనక ల్యాన్ పోర్ట్ లైటు వెలుగుతుంటుంది, గమనించండి. ఆ కార్డు ఒకే ఒక్క రకం మెసేజ్ కోసం ఎదురుచూస్తుంది, దాని పేరు మ్యాజిక్ ప్యాకెట్. పేరు గొప్పగా ఉంది కానీ లోపల 102 బైట్లే: ముందు 6 బైట్లు ఎఫ్ఎఫ్, తర్వాత మీ కార్డు మ్యాక్ అడ్రస్ 16 సార్లు. విండోస్ నిద్రలో ఉన్నప్పుడు ఐపీ అడ్రస్‌ని నమ్ముకోలేం కాబట్టి ప్యాకెట్‌ని ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ బ్రాడ్‌కాస్ట్ చేస్తారు. ఎవరి మ్యాక్ ఉందో వాళ్లు లేస్తారు.

ముందు బయోస్‌లోకి వెళ్లి వేక్ ఆన్ ల్యాన్ ఎనేబుల్ చేయండి. కొన్ని బోర్డుల్లో దీన్ని పవర్ ఆన్ బై పీసీఐఈ అంటారు. ఈఆర్‌పీ అనే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయాలి, లేదంటే కార్డుకి కరెంటే అందకపోవచ్చు. వైఫైతో ప్రయత్నించి టైమ్ వేస్ట్ చేసుకోకండి, ల్యాన్ కేబుల్ పెట్టేయండి.

తర్వాత విండోస్‌లో డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్. అక్కడ మూడు చెక్‌బాక్సులుంటాయి, మూడూ టిక్ చేయండి. మూడోదాన్ని నేను మొదట్లో పట్టించుకోలేదు. అది మ్యాజిక్ ప్యాకెట్ వస్తేనే లేవమని చెప్పే ఆప్షన్. అది లేకపోయేసరికి రాత్రి 2 గంటలకి పీసీ దానంతటదే లేచి ఫ్యాన్లు తిప్పేది. మేడ మీద ఎవరో ఉన్నారని అమ్మ హడలిపోయింది! మీకూ ఇలా జరిగితే పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌కి లాస్ట్‌వేక్ ఆప్షన్ ఇచ్చి చూడండి, ఎవరు లేపారో తెలుస్తుంది.

ఇంకోటి, పీసీని స్లీప్‌లోనే పెట్టండి. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండగా షట్‌డౌన్ చేస్తే వేక్ ఆన్ ల్యాన్‌కి సపోర్ట్ లేదు.

ఇంట్లో వైఫైకి కనెక్టయిన ఫోన్‌లో ఏదైనా వేక్ ఆన్ ల్యాన్ యాప్‌తో టెస్ట్ చేయండి. మ్యాక్ అడ్రస్‌ని ఐపీకాన్ఫిగ్ ఆల్ కమాండ్‌లో ఫిజికల్ అడ్రస్ అనే లైన్‌లో చూసుకోవచ్చు.

అసలు చిక్కు బయటి నుంచి లేపేటప్పుడే. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చూస్తే మా కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీయే లేదు, సీజీన్యాట్ వెనక ఉంది. ఇంక ఎంత ఫార్వర్డ్ చేసినా ప్యాకెట్ ఇంటి దాకా రాదు. టెయిల్‌స్కేల్ పెడితే? నిద్రపోతున్న పీసీలో అదీ నిద్రపోతుంది కదా! కాబట్టి ఇంట్లో ఎప్పుడూ మేలుకుని ఉండే ఇంకో చిన్న డివైస్ కావాలి. నా పాత రాస్ప్‌బెర్రీ పైని రౌటర్ పక్కన పెట్టి టెయిల్‌స్కేల్, వేక్ఆన్‌ల్యాన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడు హైదరాబాద్ నుంచి దాంట్లోకి ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి ఒక్క కమాండ్ కొడితే చాలు. రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు, సెక్యూరిటీ పరంగా కూడా నాకు ఇదే నచ్చింది.

లేచాక ఆలస్యం చేయకండి. ఎవరూ లాగిన్ అవ్వకపోతే విండోస్ డిఫాల్ట్‌గా 2 నిమిషాల్లో మళ్లీ పడుకుంటుంది.

ఊళ్లో కరెంట్ పోతే మాత్రం స్లీప్ కాస్తా పూర్తి ఆఫ్ అవుతుంది. కొన్ని బోర్డులు ఆ తర్వాత ఒకసారి బూట్ అయ్యేదాకా ప్యాకెట్‌ని పట్టించుకోవు. నా బోర్డూ అంతే. బయోస్‌లో రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్‌ని పవర్ ఆన్‌కి మార్చాను. కరెంట్ రాగానే పీసీ దానంతటదే బూట్ అయి, అరగంట తర్వాత స్లీప్‌లోకి వెళ్తుంది. మొన్న నాన్నే ఫోన్ చేసి అడిగారు, "ఏరా, ఈమధ్య పైకి వెళ్లమనట్లేదేంటి, పాడైపోయిందా?" అని.