పాత ఆటకు కొత్త ఇంజను

మాచర్ల వైపు పొలాల్లో బావి మీది ఆయిల్ ఇంజను తీసేసి కరెంటు మోటారు బిగించారనుకోండి. బావీ అదే, నీళ్ళూ అవే. పాత కంప్యూటర్ ఆటలకూ ఇదే ఉపాయం!

1993లో వచ్చిన 'డూమ్' ఆటను డాస్ కోసం రాశారు. నేటి 64 బిట్ విండోస్ దాన్ని నేరుగా నడపదు. అయితే బొమ్మలు, శబ్దాలు, గదుల పటాలు 'వాడ్' అనే ఫైలులో విడిగా ఉంటాయి. వాటిని చదివి, సెకనుకు 35 సార్లు ఆటను ముందుకు జరిపేదే ఇంజను. దాని సోర్స్ కోడ్‌ను ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1997లో బయటపెట్టింది. ఔత్సాహికులు దాన్ని సవరించి 'క్రిస్పీ డూమ్' వంటి ఇంజనులు తయారుచేశారు.

ఇంజను ఉచితమే, పూర్తి ఆట వాడ్ ఫైలు మాత్రం కొనుక్కోవాలి. లేదా 'ఫ్రీడూమ్' బృందం సొంతంగా చేసిన ఉచిత వాడ్ వాడుకోవచ్చు.

సోర్స్ కోడ్ దొరకని ఆటల సంగతో? ఆట నడకను ఓపికగా గమనిస్తూ, ఇంజనును మొదటినుంచి రాయవలసిందే!